ఎర్ర రంగేసిన జాకీ

లారీ మమ్మల్ని దింపింది మధ్యాహ్నం రెండు గంటలకు. అక్టోబర్ నెల. ఎండలో నిలబడితే కళ్ళు మండుతున్నాయి, నీడలోకి జరిగితే ముక్కు తిమ్మిరెక్కుతోంది. లద్దాఖ్‌లో ఆ చోటికి నంబరే తప్ప పేరు లేదు. ఆ నంబరు ఇక్కడ రాయను. రెండు రేకుల షెడ్లు, ఒక బంకరు, వంట గుడారం, చుట్టూ నడుమెత్తు రాళ్ల గోడ. వెనక కొండ, ముందు వాగు. చెట్టు సంగతి దేవుడెరుగు, గడ్డిపోచ కూడా లేదు. మాది గద్వాల దగ్గర ధరూర్ మండలం. కృష్ణ ఒడ్డున వరి మళ్ళు చూస్తూ పెరిగిన వాడిని. ఆ బోడి నేలను చూడగానే నాకు దిగులు కాదు, కోపం వచ్చింది.

నా పని బండ్ల మరమ్మతు. హోదా నాయక్. అక్కడ నా చేతికి అప్పగించినవి రెండు లారీలు, ఒక జనరేటర్, నాలుగు మోటార్ సైకిళ్లు. మోటార్ సైకిళ్లు ఎందుకంటే, మా పైన ఉన్న ముందు పోస్టుకు లారీ పోదు. దారంతా జారే రాళ్లు, మధ్యలో మూడు చోట్ల వాగు దాటాలి. ఉత్తరాలు, మందులు, రేడియో బ్యాటరీలు అన్నీ డిస్పాచ్ రైడర్ బండి మీదే పైకి పోవాలి.

ఆ రైడర్ నన్ను చూసి మొదట హిందీలో ఊరడిగాడు. గద్వాల అన్నాను. మరుక్షణం భాష మారింది.

"అరె, మన పాలమూరోనివే. మాది బల్మూర్."

"నాది ధరూర్."

"ఇంకేంది అన్నా. జొన్నరొట్టె రుచి తెల్సినోడు ఒక్కడన్న దొర్కిండు."

అతని పేరు రాయను. మేమందరం రైడర్ అనే పిలిచేవాళ్ళం. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ కుదురుగా కూర్చోడు. అతని తల్లి ఇతన్ని చంకన వేసుకుని వలస కూలీకి ఊళ్లు తిరిగిన మనిషి. ఆమెకు జీవితంలో ఒకటే కోరిక, శ్రీశైలం చూడాలని. బల్మూర్ నుంచి శ్రీశైలం ఎంత దూరమని? మన్ననూరు దాటి ఘాట్ ఎక్కితే వచ్చేస్తుంది. కానీ ఆమె బస్సెక్కితే చాలు, పేగులు బయటికొచ్చేలా వాంతులు. రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే దిగి వెనక్కి వచ్చిందట.

"బండి మీద అయితె గాలి తగుల్తది, ఏం గాదు," అనేవాడు రైడర్. "ఫౌజుల నుంచి పోయినంక మంచి బండి కొంట అన్నా. అమ్మను ఎనక కూసోబెట్టుకొని నల్లమల ఘాట్ ఎక్కిస్త. నాకు గింతే ఉంది."

వారానికోసారైనా ఈ మాట చెప్పేవాడు. రాసేటప్పుడు ఇప్పటికీ అతని గొంతు వినిపిస్తుంది.

వచ్చిన మర్నాడు పొద్దున నేను బండ్లను తనిఖీ చేశాను. నాలుగూ పక్క స్టాండు మీద వాలి ఉన్నాయి. వంగి కిందికి చూశాను. నాలుగింటికీ సెంటర్ స్టాండు లేదు. బోల్టులు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రాలు.

"స్టాండ్లు ఏవి?"

"తీస్కపోయిండ్రు," అన్నాడు రైడర్. "వాగు దాటేటప్పుడు రాళ్లకు తగుల్తున్నయని ఒకరోజు ఆర్డర్ వచ్చింది. అన్నీ విప్పి కింద స్టోరుకు పంపిండ్రు."

నిజమే, తగులుతాయి. వంచి బిగించుకోవచ్చు, కొంచెం పైకి ఎత్తి స్ప్రింగు మార్చుకోవచ్చు. ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. ఎవరూ అడగలేదు. తలనొప్పి అంటే తల తీసెయ్యమన్న వైద్యం.

సెంటర్ స్టాండు మీకు తెలియనిదేం కాదు. బండి నడుమ రెండు కాళ్ల ఇనుప చట్రం. కాలితో తొక్కి బండిని వెనక్కి లాగితే బండి నిటారుగా నిలబడుతుంది, వెనక చక్రం నేలను వదిలి గాల్లో తిరుగుతుంది. చైనుకు నూనె పెట్టాలన్నా, టైరు విప్పాలన్నా, బిగుతు చూసుకోవాలన్నా అదే దిక్కు. అది లేకపోతే జాకీ కావాలి. ఆ రెండూ లేకపోతే బండి కింద చెయ్యి పెట్టకూడదు. నేను మెకానిక్‌గా నేర్చుకున్న మొదటి పాఠం ఇది. చివరిదాకా పనికొచ్చిన పాఠం కూడా ఇదే.

స్టాండ్లకు బదులుగా ఒక జాకీ ఇస్తామన్నారు. ఇచ్చారు, కాదనను. కత్తెర జాకీ. నడుమ పొడుగాటి మర కడ్డీ, చివర పిడి. పిడి తిప్పితే రెండు రెక్కలూ దగ్గరికి వచ్చి బండిని పైకి లేపుతాయి. మంచి సరుకు. నేనూ రైడరూ దాన్ని నెల రోజులు హాయిగా వాడుకున్నాం. పని అయ్యాక మరలకు గ్రీజు రాసి, గోనె సంచిలో చుట్టి పెట్టేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఇన్‌స్పెక్షన్ కబురు. పెద్ద సాహెబ్ వస్తున్నారు.

ఆ కబురు వినగానే మా స్టోర్ హవల్దార్‌కు పూనకం వచ్చింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, అబద్ధమెందుకు. జ్వరమొస్తే తన కంబళి తీసి ఇచ్చేవాడు. కానీ రంగు డబ్బా కనిపిస్తే ఆయనకు లోకం కనిపించదు. గోడ రాళ్లకు తెల్ల రంగు. ఇసుక బకెట్లకు ఎర్ర రంగు. షెడ్డులో ఒక చెక్క పలక నిలబెట్టి, దాని మీద పనిముట్లన్నీ వరసగా తగిలించి, ఒక్కో పనిముట్టు చుట్టూ తెల్లగీత గీశాడు. స్పానర్లు, సుత్తి, వైర్ బ్రష్షు, చైను పిన్ను తీసే కట్టరు. మధ్యలో నా జాకీ. నిండా ఎర్ర రంగు, రెండు పూతలు. షెడ్డుకు తాళం.

వెళ్లి అడిగాను.

"ఉస్తాద్, జాకీ కావాలి."

"దేనికి?"

"బండి ఎత్తడానికి."

"సాహెబ్ వచ్చి పోయాక తీసుకో."

"అంతదాకా ఎట్లా ఎత్తాలి?"

"ఇన్నాళ్లూ ఎట్లా ఎత్తారో అట్లాగే."

"ఈ నెలంతా ఆ జాకీతోనే ఎత్తాం, అంతకుముందు స్టాండ్లుండేవి ఉస్తాద్."

ఆయన బ్రష్షును డబ్బాలో ముంచి ఇసుక బకెట్ల వైపు తిరిగాడు. అక్కడికి మాట అయిపోయింది.

సాహెబ్ ఆ వారం రాలేదు. మంచు కురిసింది. వచ్చే నెల అన్నారు, మళ్లీ మంచు కురిసింది. శీతాకాలమంతా జాకీ గోడ మీదే ఉంది. రాత్రి మైనస్ ఇరవై. బండ్లు మాత్రం నడుస్తూనే ఉండాలి, చైన్లు సాగుతూనే ఉంటాయి, టైర్లు రాళ్లకు చీలుతూనే ఉంటాయి. ఎత్తే సాధనం మాత్రం మా కళ్ళ ముందే తాళం వెనక, పెళ్లికూతురిలా ముస్తాబై కూర్చుంది.

అందుకని రైడర్ ఊరి ఉపాయం తీశాడు. కట్టె పోటు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు బండి ఉన్న ప్రతి ఇంట్లో ఈ ఉపాయం తెలుసు. బండిని పక్క స్టాండు మీద ఇంకాస్త ఎడమకు వంచుతారు. వెనక చక్రం లేస్తుంది. లేచిన సందులో కుడివైపు చక్రం ఇరుసు కింద ఒక కట్టె ముక్క నిలబెట్టి వదిలేస్తారు. బండి బరువంతా పక్క స్టాండు మీద, ముందు టైరు మీద, ఆ కట్టె మీద. మన ఎర్ర నేలలో స్టాండు కాలు బొటనవేలంత లోతు దిగి పట్టుకుంటుంది కాబట్టి ఊళ్లో చాలాసార్లు ఏమీ కాదు.

"నేల జూడన్నా, బండ తీరు ఉంది," అని మడమతో తన్ని చూపించాడు రైడర్. "మనూరి కంటె ఇక్కడనే గట్టిగ నిలవడ్తది."

నిజంగానే గట్టిగా నిలబడింది. గడ్డకట్టిన నేల గునపానికే లొంగదు. చలికాలమంతా అట్లాగే నడిపించాం. కట్టెలు వంట గుడారం నుంచి తెచ్చుకునేవాళ్ళం. వంటవాడు బిహారీ. "బండి ఆకలి కూడా నేనే తీర్చాలా?" అని గొణిగేవాడు.

ఇక్కడ ఒక సంగతి మనవాళ్లకు తెలియదు. రైడర్‌కూ తెలియలేదు. గడ్డకట్టిన నేల నేల కాదు. మట్టిని పట్టుకుని ఉన్నది మంచు. మార్చి చివరికి వచ్చేసరికి ఎండ కొండ దాటి మా గోడ మీద పడుతుంది. పడిన అరగంటలో పైన నాలుగు వేళ్ల మందాన నేల బురద అవుతుంది. కింద మాత్రం గడ్డ అట్లాగే ఉంటుంది. అంటే అద్దం మీద పూసిన బురద. పాలమూరు ఎండ నేలను గట్టిపరుస్తుంది. అక్కడి ఎండ జారుస్తుంది. ఎండను అనుమానించాలని బల్మూర్‌లో పుట్టిన మనిషికి ఎందుకు తడుతుంది?

ఆ రోజు చివరికి సాహెబ్ వస్తున్నారు. పొద్దున ఏడింటికి అందరూ కిందికి, హెలికాప్టర్ దిగే చోటికి పోయారు. మంచు ఊడ్చి, సున్నంతో గీతలు గీయాలి. స్టోర్ హవల్దార్ తాళంచెవి జేబులో వేసుకుని అందరికంటే ముందు నడిచాడు. పైన మిగిలింది నలుగురం. నేను, రైడర్, రేడియో ఆపరేటర్, వంటవాడు.

ఏడున్నరకు ముందు పోస్టు నుంచి పిలుపు వచ్చింది. బ్యాటరీలు అయిపోతున్నాయి, మధ్యాహ్నంలోగా కొత్తవి రాకపోతే రేడియో మూగబోతుంది. రైడర్ వెళ్లాలి. మిగతా మూడు బండ్లలో రెండింటికి టైర్లు లేవు, మూడోదాని కార్బరేటర్ విప్పి నా ముందుంది. రైడర్ బండికేమో చైను ఒక లింకు దగ్గర వంగిపోయింది. మార్చాలి. పిన్ను తీసే కట్టరు ఎక్కడుంది? పలక మీద, తెల్లగీతల మధ్య.

"ఆకురాయితోని రాకుత తియ్," అన్నాడు రైడర్. "తొమ్మిదింటికల్ల అయిపోతది."

ఎనిమిదింటికి బండిని గోడ పక్కకు తోసుకుపోయాడు, గాలి తగలకుండా. గోడకూ బండికీ మధ్య కూర్చున్నాడు. చైను ఎడమవైపే కదా. కట్టె పోటు పెట్టి, ఊపి చూసి, నాకు చెయ్యి ఊపాడు. నేను మూడో బండి కార్బరేటర్ పట్టుకుని బంకర్ లోపలికి పోయాను. వేళ్లు పనిచెయ్యాలంటే అక్కడ స్టవ్ ఉంది.

కట్టరుతో క్షణంలో ఊడే పిన్ను ఆకురాయితో తొమ్మిదింటికి ఊడలేదు. పదింటికి ఊడింది. కొత్త లింకు కూర్చోబెట్టేసరికి పదిన్నర అయింది. ఎడమ చేత్తో చైనును పళ్ళ చక్రం మీద పట్టుకుని, కుడి చేత్తో పట్టకారుతో లింకు లాకు నొక్కుతున్నాడు. అప్పటికే ఎండ గోడ దిగి, స్టాండు కాలి మీద పడి ఉంది.

నాకు చప్పుడు వినిపించింది. పెద్దదేం కాదు. గోనె సంచి జారి పడ్డట్టు వినిపించింది. తర్వాత అతని గొంతు.

"అన్నా. జర రా అన్నా."

అరవలేదు. పిలిచాడంతే.

బండి ఎడమకు జారి గోడ మీద పడి ఉంది. అతని ఎడమ చెయ్యి పళ్ళ చక్రానికీ గోడ రాయికీ మధ్య ఉంది. మణికట్టు దాకా లోపలే. టాంకు మూత నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా అతని కోటు మీద కారుతోంది. నేను, ఆపరేటర్, వంటవాడు ముగ్గురం హ్యాండిల్ పట్టి లేపబోయాం. ముందుభాగం లేచిన కొద్దీ వెనకభాగం గోడకేసి ఇంకా నొక్కుకుంటోంది. అతని ముఖం చూసి వదిలేశాం.

"గట్ల గాదన్నా," అన్నాడు పళ్ళ బిగువున. "కింది నుంచి తిన్నగ లేపాలె."

కింది నుంచి తిన్నగా లేపేది ఒకటే. తాళం వెనక ఉంది.

ఆపరేటర్ రేడియో దగ్గరికి పరుగెత్తాడు. ఆ మాటలు నాకు గోడ దగ్గరికి వినిపించాయి.

"స్టోర్ తాళంచెవి అర్జెంటుగా కావాలి. ఓవర్."

"స్టోర్ హవల్దార్ సాహెబ్‌ను రిసీవ్ చేసుకునే వరసలో ఉన్నారు. వెయిట్. ఓవర్."

"మనిషి చెయ్యి బండి కింద ఇరుక్కుంది. ఓవర్."

"సాహెబ్ దిగుతున్నారు. వెయిట్. అవుట్."

ఆ వెయిట్ అన్నవాడు ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిస్తే ఏం చేసేవాణ్ణో కూడా తెలియదు. పొయ్యి కట్టెలు కొట్టే గొడ్డలి తీసుకుని తాళం కొట్టాను. మూడో దెబ్బకు గొళ్ళెంతో సహా ఊడింది. పలక మీంచి జాకీ లాగాను. చదునైన రాయి వేసి, దాని మీద జాకీ పెట్టి, ఇరుసు కిందికి తోశాను. పిడి పట్టి తిప్పాను.

తిరగలేదు.

మళ్లీ తిప్పాను. వంటవాడు నాతో పాటు పట్టాడు. పిడి వంగింది గానీ కడ్డీ కదలలేదు. అప్పుడు చూశాను. రంగు మరలకు కూడా వేశారు. ఒక్కో మర చుట్టు నిండా ఎర్ర రంగు, రెండు పూతలు, చలికాలమంతా ఎండి గట్టిపడి ఉంది. నేను రాసిన గ్రీజును శుభ్రంగా తుడిచి మరీ వేశారు. గ్రీజు మీద రంగు అంటదు కదా, అందుకని.

కోపం అంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. అంతకుముందు వచ్చినవన్నీ చిరాకులు.

వేడి చేస్తే రంగు కరుగుతుంది. కానీ పెట్రోలు కారుతోంది, నిప్పు దగ్గరికి రానివ్వకూడదు. పెట్రోలుతోనే తుడిచాం. కొంచెం మెత్తబడింది, వదల్లేదు. ఇక గీకడమే. నేను పిడి వైపు నుంచి చాకుతో మొదలుపెట్టాను. ఒక్కో చుట్టు, ఒక్కో చుట్టు. వైర్ బ్రష్షు తెచ్చాడు వంటవాడు. దానికీ రంగే. పళ్ళన్నీ అంటుకుపోయి చెక్క దువ్వెనలా ఉంది. అవతలికి విసిరేశాడు.

జాకీ రెండో చివర రైడర్ ఛాతీ పక్కనే ఉంది. కాసేపటికి అటు నుంచి గరగర చప్పుడు వినిపించింది. తలెత్తి చూశాను. ఖాళీగా ఉన్న కుడి చేతి గ్లవ్‌ను పళ్ళతో లాగేసి, బొటనవేలి గోరుతో అతనే గీకుతున్నాడు. చెయ్యి ఇరుక్కున్న మనిషి. ముఖం తెల్లగా పాలిపోయింది. కళ్ళు మర మీదే ఉన్నాయి. ఒక చుట్టు గీకి, ఊది, రెండో చుట్టుకు పోతున్నాడు.

"నువ్వు ఊకో తమ్మీ. మేం గీకుతం."

"ఊకుంటె నొస్తుందన్నా. ఏదన్న పని జెయ్యనియ్."

ఇంకో రెండు చుట్లు గీకాక అన్నాడు.

"అన్నా, ఇది క్లచ్ చెయ్యి గద."

నేను గీకుతూనే ఉన్నాను.

"ఘాట్ల క్లచ్ లేకుంటె ఎట్ల అన్నా. మలుపు మలుపుకు గేర్ మార్వాలె."

"మారుస్తవ్ తియ్."

నా చాకూ అతని గోరూ కడ్డీ నడుమ ఎదురుపడ్డాయి. పిడి పట్టాను. కిర్రుమని కదిలింది. సగం చుట్టు, ఒక చుట్టు. బండి లేచింది. ఆపరేటర్ అతని భుజాలు పట్టి వెనక్కి లాగాడు. చెయ్యి బయటికి వచ్చింది. దాని గురించి రాయను. వంటవాడు తన కొత్త తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అట్లాగే కూర్చుని ఏడ్చాడు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. సాహెబ్ పైకి వచ్చి, చూసి, ఒక్క క్షణం ఆగలేదు. తను వచ్చిన హెలికాప్టర్‌లోనే రైడర్‌ను దవాఖానకు పంపించారు. తర్వాత గోడ దగ్గర పడి ఉన్న జాకీని చేతిలోకి తీసుకుని, "మరలకు రంగు వేసిందెవరు?" అని అడిగారు. స్టోర్ హవల్దార్ నిటారుగా నిలబడి తన బూట్ల వైపు చూస్తున్నాడు. సాహెబ్‌కు ఇంకో నాలుగు పోస్టులున్నాయి. వెళ్లిపోయారు.

నేను కార్బరేటర్ బిగించి, బ్యాటరీలు వీపున కట్టుకుని పైకి పోయాను. తిరిగి వచ్చేసరికి నా కోసం రెండు ప్రశ్నలు ఎదురుచూస్తున్నాయి. స్టోర్ తాళం ఎవరి అనుమతితో పగలగొట్టావు? ప్రదర్శనకు పెట్టిన జాకీ మీద రంగు ఎందుకు గీకావు? రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇచ్చాను. మందలింపు వచ్చింది. ప్రమాదానికి కారణం ఏమని తేల్చారో తెలుసా? రైడర్ అజాగ్రత్త. స్టాండ్లు విప్పినవాడిది కాదు, జాకీకి తాళం వేసినవాడిది కాదు, వెయిట్ అన్నవాడిది కాదు. ఇరుక్కున్న చెయ్యి ఎవరిదో తప్పు కూడా వాడిదే.

పది రోజుల తర్వాత షెడ్డుకు పోతే జాకీ మళ్లీ పలక మీద ఉంది. మళ్లీ రంగు వేశారు. మరలతో సహా. నేను ఒక మూల కూర్చుని చాకుతో మళ్లీ గీకాను. ఈసారి ఎవరూ ఏమీ రాయమనలేదు.

ఆ టూరు ముగిసింది. తర్వాత ఇంకా కొన్ని పోస్టింగులు చేశాను. హవల్దార్ అయ్యాను, రిటైరయ్యాను, ధరూర్ వచ్చేశాను. ఊరు చేరగానే మొదటి పనిగా గద్వాలకు పోయి బండి కొనబోయాను. షోరూమ్ పిల్లవాడు నవ్వుతూ లైట్లు చూపించాడు, ఫోన్ ఛార్జింగ్ చూపించాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాను.

"సెంటర్ స్టాండు ఏది బాబూ?"

"ఈ మాడల్‌కు రాదు సార్. ఇప్పుడు ఎవరూ అడుగుతలేరు సార్."

"టైరు విప్పాలంటె ఎట్ల?"

"ఏదన్న రాయి పెట్టి ఎత్తుకుంటరు సార్."

ఎంత తేలిగ్గా అన్నాడో. నేను పెట్టిన కేకకు వెనక గదిలోంచి మేనేజర్ వచ్చాడు. పిల్లవాడిది ఏం తప్పు, వాడూ ఆర్డర్ ప్రకారమే మాట్లాడుతున్నాడు. చివరికి అదే బండి కొని, వనపర్తిలో ఒక వెల్డింగ్ అతనికి కొలతలిచ్చి స్టాండు చేయించి బిగించుకున్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా బండికి కట్టె పోటు పెడితే నేను గుమ్మం దిగుతాను. ఫౌజీ ముసలాయనకు పిచ్చి అని వెనక నవ్వుకుంటారు. నవ్వుకోండి. పోటు తీసి మాట్లాడండి. ఇంకొందరు బండి స్టార్ట్ చేసి గేరులో పెట్టి, తిరిగే చైనుకు గుడ్డ పట్టుకుని తుడుస్తారు. వాళ్లను తిట్టే మాటలు ఇక్కడ అచ్చు వెయ్యరు.

రైడర్‌కు రెండు వేళ్లు పోయాయి. మిగిలిన మూడూ పూర్తిగా ముడవవు. అతనూ సైన్యం వదిలి బల్మూర్ వచ్చేశాడని తెలుసు. ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. ఘాట్ మాట నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. పోయిన దసరా అయిన వారానికి నేనే బయలుదేరాను. కృష్ణ వంతెన దాటి, పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోయాను. దారంతా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. మధ్యాహ్నానికి బల్మూర్ చేరాను.

వాకిట్లో ఒక స్కూటీ. సెంటర్ స్టాండు మీద నిటారుగా నిలబడి ఉంది.

"నవ్వకన్నా," అన్నాడు రైడర్, నేను నోరు తెరవక ముందే. "ఫౌజు రైడర్ ఆడోళ్ల బండి తోల్తుండని ఊరంత నవ్వింది. నవ్వనీ. దీనికి క్లచ్ లేదు. అన్నిటికంటె ముందు దీనికి స్టాండున్నది."

"ఘాట్ ఎక్కిందా?"

జవాబు అతని తల్లి చెప్పింది. చేటలో వేరుశనగ కాయలు చెరుగుతూ తలెత్తింది.

"ఎక్కింది బిడ్డా. గుంజుకుంట గుంజుకుంట ఎక్కింది. ఎనక నుంచి వచ్చిన బండ్లన్నీ మమ్మల్ని దాటిపోయినయ్. నాకు ఒక్క వాంతి గాలె. మన్ననూరు చెక్‌పోస్టు కాడ జవాను నవ్విండు. నేను గూడ నవ్విన. దేవుని జూసి వచ్చిన."

ఆమె చాయ్ ఇచ్చింది. ముగ్గురం మంచాల మీద కూర్చున్నాం. గోడకు ఒక జాకీ తగిలించి ఉంది. కత్తెర జాకీ, అదే రకం. వీధిలో ఎవరి బండి చెడినా అతని దగ్గరికి వచ్చి ఇది తీసుకుపోవాల్సిందే, కట్టె పోటు పెడితే ఊరుకోడట. దసరాకు వాళ్లమ్మ ఇంట్లో ఉన్న గొడ్డలికీ, పారకూ, స్కూటీకీ బొట్లు పెడుతూ దీనికీ పెట్టింది. ఒక బొట్టుతో ఆగలేదు. మర కడ్డీ పొడుగునా నూనెలో కలిపిన కుంకుమ పూసింది. అది ఎండి చుట్ల మధ్య ఎర్రగా బిగిసి ఉంది.

రైడర్ మాట్లాడుతూనే లేచి జాకీ దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమ చేతి మూడు వేళ్లతో అదిమి పట్టుకుని, కుడి బొటనవేలి గోరుతో చివర నుంచి మొదలుపెట్టాడు. ఒక చుట్టు గీకాడు, ఊదాడు, రెండో చుట్టుకు పోయాడు. వానల గురించి, పత్తి గురించి చెబుతూనే ఉన్నాడు. తను ఏం చేస్తున్నాడో అతనికి తెలుస్తున్నట్టు లేదు.

"పండుగ బొట్టు, తియ్యకురా," అంది తల్లి.

"రెక్క మీద ఉంచిన గదమ్మా. మర తిరగాలె."

ఇన్నేళ్లుగా కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఆ గోరే. చెయ్యి కాదు, రక్తం కాదు, రంగు గీకుతున్న గోరు. ఇప్పుడు అది నా ఎదురుగా, ఎండలో, చాయ్ వాసన మధ్య కదులుతోంది. నేను గ్లాసు కింద పెట్టి మంచం ముందుకు జరిపాను. పిడి వైపు నుంచి నా గోరు పెట్టాను. అతను మాట ఆపి నా వైపు చూశాడు. తర్వాత ఇద్దరం నడుమ కలిసేదాకా గీకాం.